దేవాలయం నమూనా చేయాలి: బలిపీఠం లోపలా, బయటా?

లేఖనప్రియ | శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. వేసవి సెలవుల్లో మా చర్చిలో పిల్లలకు పది రోజులు బైబిలు తరగతులు నడుపుతాం. ఈసారి యెరూషలేం దేవాలయం నమూనా చేద్దామని అందరి ముందూ నోరు జారాను. థర్మోకోల్ పలకలు, జిగురు, బంగారు రంగు కాగితం కొన్నాక గానీ తెలియలేదు, నాకు ఆ గుడి గురించి ఏమీ తెలియదని. మా ఇంట్లో ఉన్న పాత పటంలో బలిపీఠం గుడి లోపల ఉంది. ఇంకో పుస్తకంలో ఆరుబయట, ఎండలో ఉంది. ముందున్న రెండు స్తంభాల ఎత్తు బైబిలులోనే రాజుల గ్రంథంలో 18 మూరలు, దినవృత్తాంతాల్లో 35 మూరలు. ఇవి చాలవన్నట్టు ఒక పిల్లవాడు, "టీచర్, రోజూ పొద్దున్నే లోపల ఏమి చేసేవారు? మన పాస్టరుగారిలా ప్రసంగం చెప్పేవారా?" అని అడిగాడు. రేపు చెబుతానన్నాను. ఆ రేపు వచ్చి మూడు రోజులైంది.

మూరకొలత | శుక్రవారం, రాత్రి 10:25

అమ్మా, ముందు ఏ దేవాలయమో తేల్చుకోండి. ఒకే కొండ మీద రెండు కట్టారు. సొలొమోను కట్టించినది పొడవు 60 మూరలు, వెడల్పు 20, ఎత్తు 30. యాకీను, బోయజు అనే మీ రెండు కంచు స్తంభాలు దానివే. దాన్ని క్రీ.పూ. 586లో బబులోను వాళ్లు తగలబెట్టారు. చెర నుంచి తిరిగి వచ్చినవాళ్లు క్రీ.పూ. 516లో రెండోది పూర్తి చేశారు. క్రీ.పూ. 20 ప్రాంతంలో హేరోదు దాన్నే విప్పి, పెంచి, తళతళలాడేలా తిరిగి కట్టించాడు. క్రీ.శ. 70లో రోమనులు కాల్చింది ఆ గుడినే.

పిల్లవాడు అడిగింది రోజువారీ పని గురించి కాబట్టి రెండోదే చేయండి. ఆ వివరాలు మిష్నాలో, అంటే యూదుల పాత ధర్మనియమాల సంకలనంలో, దండిగా ఉన్నాయి. కొలతలకు మిద్దోత్ అనీ, ఉదయపు బలికి తామీద్ అనీ విడివిడి భాగాలే ఉన్నాయి. బలిపీఠం రెండు గుళ్లలోనూ బయటే. లోపల ఉన్నది చిన్న ధూపవేదిక. మీ పటం గీసినాయన ఆ రెండింటినీ ఒకటి చేసి ఉంటాడు. పోనీ, ఆ 18, 35 గొడవ కూడా మీకు తప్పింది. రెండో గుడికి ఆ స్తంభాలే లేవు.

రేపు లెక్క వేసి పెడతాను. ఉద్యోగ విరమణ చేసిన ఇంజినీరుకు ఇంతకంటే మంచి శనివారం దొరకదు.

పాతరాళ్లు | శుక్రవారం, రాత్రి 11:10

ఒక్క హెచ్చరిక. మిష్నా గ్రంథస్థమైంది క్రీ.శ. 200 ప్రాంతంలో, అంటే గుడి పోయి నూరేళ్లు దాటాక. జోసీఫస్ అనే చరిత్రకారుడు తానే యాజక వంశం వాడు, గుడిని కళ్లారా చూశాడు. ఇద్దరి కొలతలూ కలవవు. బలిపీఠం అడుగు భాగం మిష్నా ప్రకారం 32 మూరల చదరం, జోసీఫస్ ప్రకారం 50. ఎవరో ఒకరి చేయి పట్టుకుని నడవండి, ఇద్దరినీ కలపకండి. నమూనా వంకర పోతుంది.

మూరకొలత | శనివారం, ఉదయం 7:05

మిష్నా చేయే పట్టుకున్నాను. రెండు మూరలకు ఒక సెంటీమీటరు పెట్టుకుంటే అసలులో దాదాపు నూరో వంతు వస్తుంది.

తూర్పు నుంచి మొదలు పెట్టండి. ముందుగా స్త్రీల ఆవరణ, 135 మూరల చదరం. అంటే 67.5 సెం.మీ. పేరు చూసి స్త్రీలకు మాత్రమే అనుకోవద్దు, మగవాళ్లూ అక్కడికే వచ్చేవారు. స్త్రీలు ఆ ఆవరణ దాటి సాధారణంగా ముందుకు వెళ్లరు కాబట్టి ఆ పేరు. దాని నాలుగు మూలలా నాలుగు గదులు. అక్కడి నుంచి అర్ధచంద్రాకారంలో 15 మెట్లు, ఆ పైన నీకానోరు ద్వారం. అది దాటితే లోపలి ఆవరణ, పొడవు 187, వెడల్పు 135.

ఆ 187 ఎలా పంచారో చూడండి, నాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. ఇశ్రాయేలీయులు నిలబడే చోటు 11, యాజకులు తిరిగే చోటు 11, బలిపీఠం 32, పీఠానికీ వసారాకూ మధ్య 22, గుడి కట్టడం 100, వెనక సందు 11. కూడండి, సరిగ్గా 187. మొత్తం నమూనా పొడవు 161 సెం.మీ. తలుపు రెక్క కంటే కాస్త పొట్టి.

ఇక అసలు సంగతి. అతిపరిశుద్ధ స్థలం 20 మూరల చదరం. మీ నమూనాలో 10 సెం.మీ. పెట్టె. బలిపీఠం 16 సెం.మీ. అంటే గుడి మొత్తంలో అతి పవిత్రమైన గది కంటే బయట ఉన్న పొయ్యి పెద్దది! గుడి ముఖభాగం మాత్రం 100 మూరల వెడల్పు, 100 మూరల ఎత్తు. వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది. సింహంలా ముందు విశాలం, వెనక ఇరుకు అని మిష్నాయే పోల్చింది.

బలిపీఠానికి మెట్లు పెట్టవద్దు. దక్షిణం వైపు 32 మూరల పొడవున వాలు దారి ఉంటుంది. రాళ్లకు ఇనుము తగలకూడదు, చెక్కని రాళ్లే వాడాలి. ఏడాదికి రెండుసార్లు సున్నం కొట్టేవారు. కాబట్టి తెల్ల థర్మోకోల్‌ను అలాగే వదిలేయండి, రంగు ఖర్చు మిగులుతుంది.

మూడోమెట్టు | శనివారం, ఉదయం 8:30

నేను బైబిలు చదివే ఇంటివాణ్ని కాను. మా తాతగారు గుళ్లో అర్చకులు. కానీ పాత తెలుగు బైబిలులో సొలొమోను గుడి వర్ణన ఒకసారి చదివినప్పుడు అతిపరిశుద్ధ స్థలాన్ని "గర్భాలయము" అని రాసి ఉండడం చూసి ఆగిపోయాను. అనువాదం చేసినవాళ్లకు అంతకంటే దగ్గర మాట దొరకలేదన్నమాట. మాకూ ముఖమండపం, అంతరాళం, గర్భాలయం, ఒకదాని వెనక ఒకటి. ఈ పోలిక ఎక్కడి నుంచి వచ్చింది? మన దగ్గర నుంచి వెళ్లిందా?

పాతరాళ్లు | శనివారం, ఉదయం 9:15

వెళ్లలేదు, రాలేదు. సొలొమోను గుడికి అసలు చుట్టాలు సిరియా వైపు ఉన్నాయి. ఐన్ దారా గుడి, టెల్ తాయినాత్ గుడి తవ్వితే అదే వరుస బయటపడింది: వసారా, హాలు, లోపలి గది, గుమ్మం ముందు రెండు స్తంభాలు. సొలొమోనుకు దేవదారు మాను పంపింది, పనివాళ్లను ఇచ్చింది తూరు రాజు హీరాము. కాబట్టి ఫెనీకియా, సిరియా పనితనమే అక్కడ దిగింది. ఐన్ దారా 2018 జనవరిలో వైమానిక దాడిలో బాగా దెబ్బతింది, అది వేరే దుఃఖం.

పోలిక సరే, తేడా చూడండి. మీ గర్భాలయంలో మూర్తి ఉంటుంది, భక్తుడికి దర్శనం ఉంటుంది. అక్కడ మూర్తి లేదు, దర్శనమూ లేదు. మొదటి గుడిలో కనీసం నిబంధన మందసం, అంటే పది ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె, ఉండేది. రెండో గుడిలో అదీ లేదు. నేల మీద మూడు వేళ్ల ఎత్తున ఒక రాయి, అంతే. క్రీ.పూ. 63లో రోము సేనాని పాంపే పట్టుదలగా లోపలికి దూరాడు. లోపల దేవతా రూపమేదీ లేదు, ఖాళీ అని రోమను చరిత్రకారుడు టాసిటస్ రాశాడు.

సందేహాలరావు | శనివారం, ఉదయం 10:02

ఆ ఖాళీ గదిలోకి ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్క రోజు వెళ్లేటప్పుడు కాలికి తాడు కట్టేవారు కదా. లోపల చనిపోతే బయటకు లాగడానికి. నడుముకు గజ్జెలు కూడా. చిన్నప్పటి నుంచి ప్రతి కూటంలోనూ విన్నాను. నమూనాలో ఆ తాడు కూడా పెట్టండి, పిల్లలకు బాగా గుర్తుంటుంది.

పాతరాళ్లు | శనివారం, ఉదయం 10:40

పెట్టకండి, రావు గారు మన్నించాలి. అంగీ అంచుకు గంటలు నిర్గమకాండంలో ఉన్నాయి, నిజమే. తాడు మాత్రం బైబిలులో లేదు, మిష్నాలో లేదు, జోసీఫస్ రాయలేదు. మధ్యయుగాల యూద మార్మిక గ్రంథం జోహార్‌లో కనిపిస్తుంది. అప్పటికి గుడి పోయి వెయ్యేళ్లు దాటింది.

మిష్నా చెప్పే వివరం ఇంతకంటే బాగుంటుంది. ప్రధాన యాజకుడు లోపల ధూపం వేసి బయటి గదిలోకి వచ్చి చిన్న ప్రార్థన చేసేవాడట. చిన్నదే ఎందుకంటే, ఆలస్యమైతే బయట జనం కంగారు పడతారని.

సందేహాలరావు | శనివారం, ఉదయం 11:20

నలభై ఏళ్లుగా నేను కూడా చెబుతూ వచ్చాను తాడు కథ. ఇప్పుడు ఎంతమందిని పిలిచి దిద్దుకోవాలి? సరే, ఒప్పుకున్నాను. మరి ఆ పిల్లవాడి ప్రశ్న అలాగే ఉండిపోయింది. పొద్దున్నే ఏమి చేసేవారు?

పాతరాళ్లు | శనివారం, మధ్యాహ్నం 1:35

దీనికి కాస్త తీరికగా రాస్తాను.

ముందు రాత్రి సంగతి. యాజకులు మూడు చోట్ల, గుడి సేవలో వాళ్లకు సాయపడే లేవీయులు 21 చోట్ల కాపలా ఉండేవారు. పెద్ద అధికారి దివిటీలతో తిరిగి చూసేవాడు. కాపలావాడు లేచి పలకరించకపోతే కర్రతో ఒకటి వేసేవాడు, వాడి బట్టలకు నిప్పు పెట్టే హక్కు కూడా ఉండేది. "మా మేనమామ ఒకసారి నిద్రపోతూ దొరికిపోతే ఆయన బట్టలు కాల్చారు" అని ఒక రబ్బీ, అంటే యూదుల మతగురువు, చెప్పుకున్నాడు. నాకు మిష్నాలో ఇష్టమైన వాక్యం అదే.

పొయ్యి ఉన్న గుమ్మటపు గదిలో యాజకులు పడుకునేవారు. పెద్దల దగ్గర తాళాలు. తెల్లవారకముందే అధికారి వచ్చి తలుపు తట్టేవాడు. అప్పటికే స్నానం చేసి సిద్ధంగా ఉన్నవాళ్లు చీటీ పందెంలాంటి పద్ధతిలో వంతు తేల్చుకోవాలి. మొదటి పని బలిపీఠం మీది బూడిద తీయడం. పూర్వం దీనికి పందెం లేదు. వాలు దారి మీద ఎవరు ముందు పరుగెత్తితే వారిది. ఒకసారి ఇద్దరు పోటాపోటీగా ఎక్కుతుండగా ఒకడు నెట్టడం, రెండోవాడి కాలు విరగడం జరిగాయి. ఆ తర్వాతే వంతుల పద్ధతి పెట్టారు.

వంతు వచ్చినవాడు ఒంటరిగా వెళ్లాలి. చేతిలో దీపం ఉండదు. బలిపీఠం మీద రాత్రంతా మండిన నిప్పు వెలుగే దారి. "గంగాళం దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కోకుండా నిప్పుల పాత్ర ముట్టుకోకు సుమా, ఆ పాత్ర వాలు దారికి పడమటి మూలన ఉంది" అని మిగిలినవాళ్లు ముందే హెచ్చరిస్తారు. వాడు చీకట్లోకి వెళ్లిపోతాడు. కనిపించడు, అడుగుల చప్పుడూ వినిపించదు, ఎందుకంటే అందరూ చెప్పులు లేకుండా నడిచేవాళ్లే. కాసేపటికి గంగాళానికి కట్టిన కొయ్య యంత్రం కిర్రుమంటుంది. బెన్ కాతీన్ అనే ఆయన చేయించినది అది, మన నూతి గిలకలాంటిదని ఊహించుకోండి. ఆ చప్పుడు వినగానే ఇవతల ఉన్నవాళ్లు "సమయమైంది" అంటారు.

వాడు కడుక్కుని, వెండి నిప్పుల పాత్ర తీసుకుని, పైకెక్కి, లోపల బాగా కాలిన నిప్పులు ఒక పాత్రెడు తీసి కిందికి దిగి పక్కన పోస్తాడు. అంతే. ఆ ఒక్క పాత్రతో ఆ రోజు మొదలైనట్టు.

తర్వాత రెండో వంతు. దాంతో 13 మందికి పనులు పడతాయి. ఒకరు కోయడం, ఒకరు రక్తం చల్లడం, ఒకరు ధూపవేదిక బూడిద తీయడం, ఒకరు దీపవృక్షం తుడవడం, మిగిలినవాళ్లు ముక్కలూ పిండీ ద్రాక్షారసమూ మోయడం. ఒకణ్ని ఎత్తైన చోటికి పంపి "తూర్పు తెల్లబడిందా? హెబ్రోను దాకానా?" అని అడుగుతారు. "అవును" అంటేనే ముందుకు. గొర్రెపిల్లను ముందు రాత్రే పరీక్షించి ఉంచుతారు, అయినా దివిటీ వెలుగులో మళ్లీ చూస్తారు. బంగారు గిన్నెలో నీళ్లు తాగిస్తారు. గుడి పెద్ద తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించేదాకా కత్తి కదలదు.

ప్రసంగం సంగతి అడిగాడు కదా అబ్బాయి. లేదు. మధ్యలో యాజకులంతా ఒక గదిలో చేరి పది ఆజ్ఞలు, "ఇశ్రాయేలూ, వినుము" అనే భాగం చదివి, ఆశీర్వాదం చెప్పి మళ్లీ పనిలోకి దిగేవారు. అది వంటశాల నడిచే తీరు, సభ నడిచే తీరు కాదు.

మూడోమెట్టు | శనివారం, మధ్యాహ్నం 2:10

మా తాతగారు మూడున్నరకు లేచి చన్నీళ్ల స్నానం చేసి తడిబట్టతో గుడి తలుపు తీయడం గుర్తొచ్చింది. ఆ తలుపు చప్పుడుకే వీధిలో సగం మంది లేచేవారు.

అయితే ఆ ఆవరణలో వాసన ఎలా ఉండేదో? రక్తం, కొవ్వు, పొగ.

పాతరాళ్లు | శనివారం, మధ్యాహ్నం 2:45

నెత్తురు పోవడానికి బలిపీఠం నైరుతి మూలన రెండు రంధ్రాలు. అక్కడి నుంచి కాలువలో కిద్రోను లోయకు. అక్కడ తోటల వాళ్లు దాన్ని ఎరువుగా కొనుక్కునేవారు. గుడిలో జరిగిన పది అద్భుతాల పట్టిక ఒకటుంది. అందులో "బలి కోసే చోట ఒక్క ఈగ కనిపించలేదు" అన్నది ఒకటి. ఈగల బెడద తెలిసినవాళ్లే అలా రాయగలరు.

ఇంకోటి. గుడి ఉద్యోగుల పట్టికలో కడుపు నొప్పులు చూసే అధికారి ఒకడు ఉన్నాడు, పేరు బెన్ అహియా. రాతి నేల మీద చెప్పుల్లేని కాళ్లు, మాంసాహారం, తాగడానికి నీళ్లు. అతనికి చేతినిండా పని ఉండి ఉంటుంది.

సువాసన కూడా ఉంది మరి. ధూపం తయారీ అవ్తినాస్ ఇంటివాళ్ల గుత్త సొత్తు, రహస్యం ఎవరికీ చెప్పరు. ఆ ఇంటి ఆడవాళ్లు పెళ్లిలో కూడా అత్తరు పూసుకునేవారు కాదట, గుడి ధూపంలోంచి తీశారని ఎవరూ అనకుండా. ఆ ధూపం ఘాటు యెరికో దాకా వెళ్లేదనీ, ఎక్కడో కొండల్లో మేకలు తుమ్మేవనీ రాశారు. అతిశయోక్తే. కానీ ఆ మేకల్ని ఎవరు వదులుకుంటారు?

లేఖనప్రియ | శనివారం, సాయంత్రం 5:20

ధూపం అనగానే లూకా సువార్తలో జెకర్యా అనే ముసలి యాజకుడు గుర్తొచ్చాడు. "ధూపం వేయడానికి వంతు వచ్చింది" అని ఉంటుంది. ఇన్నేళ్లూ అదొక మామూలు విధి అనుకున్నాను.

పాతరాళ్లు | శనివారం, సాయంత్రం 6:00

అదే మూడో వంతు. యాజకులు 24 తరగతులు. ఒక్కో తరగతికి వారం చొప్పున ఏడాదికి రెండుసార్లు పని, పండుగలకు అందరూ. జెకర్యాది అబీయా తరగతి. ధూపం వంతుకు "కొత్తవాళ్లు రండి" అని పిలిచేవారు, ఇదివరకు ఒకసారి వేసినవాడికి మళ్లీ అవకాశం లేదు. అంటే ఆ ముసలాయన జీవితమంతా నిరీక్షించి ఆ రోజు లోపలికి వెళ్లాడు. ఆలస్యమైతే జనం ఆశ్చర్యపడ్డారని లూకా రాశాడు కదా, ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. ఆయన బయటకు వస్తే గానీ ఆశీర్వాదం లేదు, పాట లేదు, మిగిలిన పని నడవదు.

పాట అంటే, లేవీయులు కనీసం 12 మంది అరుగు మీద నిలబడి రోజుకో కీర్తన పాడేవారు. ఆదివారం 24వది, సోమవారం 48, మంగళవారం 82, బుధవారం 94, గురువారం 81, శుక్రవారం 93, విశ్రాంతి దినాన 92. మధ్యలో ఆగినప్పుడల్లా వెండి బూరలు ఊదితే జనం సాగిలపడేవారు. మధ్యాహ్నం ఇంకో గొర్రెపిల్లతో ఇదే పద్ధతి. పేతురు, యోహాను మూడు గంటలకు ప్రార్థనకు గుడికి ఎక్కి వెళ్లారని అపొస్తలుల కార్యాల్లో ఉంది, అది ఆ వేళే.

తూర్పుగాలి | శనివారం, రాత్రి 9:15

నేను అమెరికాలో ఉంటాను, మొన్న చలికాలంలో యెరూషలేం వెళ్లి వచ్చాను. అందరూ కన్నీళ్లు పెట్టుకునే పశ్చిమ గోడ గుడి గోడ కాదు, గమనించారా? కొండ చుట్టూ హేరోదు కట్టించిన అరుగును ఆపే గోడ. సొరంగంలో ఒక్క రాయి 13.6 మీటర్ల పొడవు ఉంది, మన ఆర్టీసీ బస్సు కంటే పొడవు. దాని మీద చేయి పెట్టి కొంచెం సేపు నడిచాను, అతుకు రాలేదు.

నైరుతి మూలన అప్పటి వీధి బయటపడింది. క్రీ.శ. 70లో పైనుంచి తోసేసిన రాళ్లు ఇప్పటికీ కుప్పగా ఉన్నాయి, కింద పరిచిన బండలు ఆ బరువుకు కుంగిపోయాయి. 1968లో అక్కడే ఒక మూలరాయి దొరికింది, "బూర ఊదే చోటికి" అని హీబ్రూలో చెక్కి ఉంది. విశ్రాంతి దినం మొదలవుతోందని శుక్రవారం సాయంత్రం ఒక యాజకుడు గుడి అంచున నిలబడి బూర ఊదేవాడని జోసీఫస్ రాశాడు, అదే చోటయి ఉంటుంది.

లేఖనప్రియ గారూ, నమూనాలో లోపలి ఆవరణల చుట్టూ ఒక పొట్టి పిట్టగోడ మరచిపోకండి. అన్యులు, అంటే యూదులు కానివాళ్లు, అది దాటితే చావేనని గ్రీకు, లాటిన్ భాషల్లో పలకలు పెట్టేవారు. 1871లో దొరికిన గ్రీకు పలక ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. దాటినవాడి చావుకు వాడే బాధ్యుడని స్పష్టంగా రాశారు.

సందేహాలరావు | శనివారం, రాత్రి 9:50

మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు, బెనె ఎఫ్రాయిమ్ వాళ్లు ఉన్నారు కదా. వాళ్ల ప్రార్థన మందిరంలో బలులు ఇస్తారా?

పాతరాళ్లు | శనివారం, రాత్రి 10:30

ఇవ్వరు. ప్రపంచంలో ఏ సమాజమందిరంలోనూ ఇవ్వరు. ధర్మశాస్త్రం ప్రకారం బలి ఒక్క చోటే, ఆ కొండ మీదే. క్రీ.శ. 70 ముట్టడిలో యెరూషలేం ఆకలితో మాడిపోతుండగా యూదుల తమ్మూజు నెల 17న ఆ రోజువారీ గొర్రెపిల్ల ఆగింది. ఆ రోజు ఇప్పటికీ ఉపవాస దినం. గుడి కాలింది ఆ తర్వాతి నెలలో.

సందేహాలరావు | శనివారం, రాత్రి 10:45

జంతువుల్ని కోయడం పుణ్యమా అని మొదలు పెడదామనుకున్నాను గానీ...

నిర్వాహకులు | శనివారం, రాత్రి 10:50

వద్దు రావు గారూ. నమూనా దాకానే.

లేఖనప్రియ | సోమవారం, సాయంత్రం 7:30

అందరికీ కృతజ్ఞతలు. నమూనా మూడొంతులు అయింది. 10 సెం.మీ. గది చూసి పిల్లలు "ఇంతేనా?" అన్నారు. తెర తీసి ఖాళీ అని చూపిస్తే ఒకమ్మాయి మళ్లీ మూసేసింది.

వంతుల పద్ధతి గురించి పాతరాళ్లు గారు నాకు విడిగా రాసినది వాళ్లకు చెప్పాను. మనుషుల్ని లెక్కపెట్టకూడదు కాబట్టి అందరూ గుండ్రంగా నిలబడి వేళ్లు చాపుతారు. అధికారి ఏదో ఒక సంఖ్య చెప్పి వేళ్లు లెక్కపెడతాడు, లెక్క ఎవరి వేలి దగ్గర ఆగితే వంతు వాళ్లది. ఒకటో రెండో వేళ్లు చాపవచ్చు, బొటనవేలు మాత్రం చాపకూడదు, దాంతో మోసం చేసేవాళ్లు ఉండేవారు. ఇవాళ బంగారు కాగితం ఎవరు అంటించాలి అన్నదానికి అలాగే వంతు వేశాం. 57 అన్నాను. లెక్క 40 దాటాక చూస్తే, మొదట ప్రశ్న అడిగిన ఆ పిల్లవాడే బొటనవేలు చాపి పైకప్పు వైపు చూస్తున్నాడు.

మూరకొలత గారూ, గంగాళం దగ్గర కిర్రుమనే గిలక ఒకటి పెట్టాలని వాళ్లు పట్టుబట్టారు. ఇంట్లో పాడైపోయిన టేపు రికార్డరు ఉంది. దాని చక్రం పనికొస్తుందా?

మూరకొలత | సోమవారం, సాయంత్రం 7:42

వస్తుంది. నూనె మాత్రం వేయకండి.